హంస బోటులో కుర్రాడు

హంస బోటులో ఉన్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటేనే నిఖిలేష్‌కి ఒళ్ళు మండిపోతోంది. ప్రతి గురువారం సాయంత్రం అతని భార్య లాస్య రేవూరు మునిసిపల్ పార్కుకి వచ్చి, చెరువు గట్టు మీద నిలబడి, కళ్ళజోడు పెట్టుకుని, ఇరవై నిమిషాలు ఆ బోటునే చూస్తుంది. చూస్తూ తనలో తాను నవ్వుకుంటుంది. ఇంట్లో నిఖిలేష్ ఎంత జోకేసినా "ఊఁ" అని ఊరుకునే మనిషి!

ఆ కుర్రాడు మరెవరో కాదు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి నిఖిలేషే.

ఇది 2059. ఆ కళ్ళజోడు డాక్టర్ మెహజబీన్ కనిపెట్టింది. సూత్రం పెద్ద చిక్కుదేం కాదు. పార్కుకి వచ్చినవాళ్ళెవరూ ఊరికే పోరు. ఫౌంటెన్ ముందు, సిమెంటు జిరాఫీ పక్కన, టాయ్ ట్రైన్ ఎక్కుతూ ఫోటోలు దిగుతారు. వాళ్ళ వెనకాల ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా పడతారు. జనం ఇచ్చిన అలాంటి లక్షల ఫోటోలనీ వీడియోలనీ కంప్యూటర్ అతికించి, కోరిన రోజు పార్కుని కళ్ళ ముందు నిలబెడుతుంది. మాటలు వినపడవు, బొమ్మే. 2031లో ఒక ఆదివారం లాస్య, నిఖిలేష్ బోటెక్కారు. తడుస్తాయని ఫోన్లు గట్టు మీదే వదిలేశారు కాబట్టి వాళ్ళ దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు. కానీ ఆ రోజు గట్టు మీద ఎవరిదో పుట్టినరోజు. ఆ వీడియోల వెనకాల వీళ్ళిద్దరూ నిక్షేపంగా ఉన్నారు.

మొదటిసారి చూసి నిఖిలేష్ కూడా మురిసిపోయాడు. నాలుగో గురువారానికి ఆ మురిపెం కాస్తా కడుపుమంట అయింది. వాడికి నెత్తినిండా జుట్టు. వాడికి పొట్ట లేదు. పైగా వాడేదో చెబుతుంటే లాస్య పడీ పడీ నవ్వుతోంది. ఏం చెప్పాడో నిఖిలేష్‌కి గుర్తులేదు. గుర్తుంటే ఈపాటికి ఇంట్లో పదిసార్లు చెప్పి ఉండేవాడు.

"ఆ బొమ్మ ఎందుకు? నిజం బోటే ఎక్కుదాం పద" అన్నాడొకసారి.

"నాకు మోకాళ్ళు పట్టేస్తాయి. నువ్వెళ్ళిరా" అంది లాస్య, కళ్ళజోడు తీయకుండానే.

మర్నాడు పొద్దున్నే అతను పార్కులోనే ఉన్న డాక్టర్ మెహజబీన్ గదికి వెళ్ళాడు.

"మేడమ్, బొమ్మలోంచి మనల్ని తీసేయమని అడగొచ్చటగా?"

"అడగొచ్చండీ. మీరున్న చోట చెరువు నీళ్ళతో పూడ్చేస్తాం. కాకపోతే అసలు వీడియోల్లో కూడా చెరిపేస్తాం. మళ్ళీ కావాలన్నా రాదు. ఇంతకీ దేనికి?"

"వాడు మా ఆవిణ్ణి నవ్విస్తున్నాడు మేడమ్."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "వాడు మీరే కదండీ!"

"నేనే అయితే నాకేసి చూసేది కదా!"

ఆవిడ ఫారం ముందుకు జరిపింది. నిఖిలేష్ చదవకుండానే సంతకం చేశాడు. బయటికొచ్చి టాయ్ ట్రైన్ కూడా ఎక్కాడు, పీడ విరగడైనంత హుషారుగా.

గురువారం వచ్చింది. ఇక చూడటానికేముంది, లాస్య కళ్ళజోడు తీసి పక్కన పడేస్తుంది, అప్పుడు తను చెయ్యి పట్టుకుంటాడు. ఇదీ అతని లెక్క. లాస్య చెరువు వైపు చూసింది. చిన్నగా నవ్వింది. ఆ తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఎప్పటిలాగే ఇరవై నిమిషాలూ చూసింది.

నిఖిలేష్ ఆమె దగ్గరికి జరిగాడు.

"ఇవాళ బొమ్మలో తేడా ఏమైనా ఉందా?"

"తేడానా? ఏం లేదే."

"బోటులో, నీ పక్కన?"

లాస్య కళ్ళజోడు తీసింది. "పక్కకి నేనెప్పుడూ చూడలేదు. ఆ పిల్లని చూడ్డానికే కదా వస్తాను. అంత నవ్వేదాన్నంటే నాకే నమ్మకం కుదరదు."

నిఖిలేష్ కళ్ళజోడు అడిగి తీసుకుని పెట్టుకున్నాడు. బోటు ఒక పక్కకి ఒరిగి ఉంది, ఆ పక్క సీటులో ఎవరూ లేరు. ఇరవై నాలుగేళ్ళ లాస్య ఉత్త నీళ్ళకేసి తిరిగి పడీ పడీ నవ్వుతోంది. అతను లేని లోటు ఆ మొహంలో ఎక్కడా లేదు. కుర్రాడి మీద మంట అక్కడితో చల్లారింది. అప్పట్నుంచీ అతనికి ఆ పిల్లంటే గిట్టడం లేదు.