మలుపు దగ్గర హారన్

తెల్లారగానే జోగమ్మ ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పట్టాలి. ఆ ఇంట్లో టీ కంటే ముందు జరిగే పని అది. ఆ నీళ్లు పెరటి మొక్కలకు కావు. ఊరి రోడ్డు వెళ్లి సబ్బవరం పెద్ద రోడ్డులో కలిసే మలుపు దగ్గర, కొడుకు సన్నీ బైకు మీద వెళ్తూ లారీ కింద పడి పోయాడు. అక్కడున్న తుప్పలు కొట్టించి, సిమెంటు దిమ్మె కట్టించి, కొడుకు ఫొటో అతికించి, చుట్టూ గన్నేరు మొక్కలు నాటింది. ఆవిడ చేతి చలవో ఏమో, అవి మనిషెత్తు దాటి గుబురుగా పెరిగాయి. ఆవిడకు ఇప్పుడు అవే కొడుకు.

ఆ ఉదయం కూతురు సత్యశ్రీ యూనివర్సిటీకి బయల్దేరకుండా వంటగది గుమ్మంలోనే నిలబడింది. తమ్ముడు పోయాక ఆ పిల్ల వచ్చిన ఉద్యోగం వదులుకుని, రోడ్డు ప్రమాదాల మీద పరిశోధనకు చేరింది. మలుపుల దగ్గర బండి నడిపేవాడికి ఎదుటి బండి ఎంత దూరం నుంచి కనిపిస్తుందో కొలవడం ఆమె పని. తమ ఊరి మలుపును కొలిచిన రోజు నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు. చూసి జాలిపడిన ప్రొఫెసరమ్మ, కావాలంటే ఆ ఒక్క చోటూ రిపోర్టులోంచి తీసేద్దామంది. సత్యశ్రీ మనసు ఒప్పుకోలేదు. పోయిన వారమే అక్కడ బడిపిల్లల ఆటో ఒకటి లారీ కింద పడబోయి తప్పించుకుంది.

"అమ్మా, దిమ్మె అలాగే ఉండనీ. ఆ మొక్కలు మాత్రం తీసీయాలి," అంది మెల్లగా.

ఏ మొక్కలని అడిగింది జోగమ్మ. అర్థమయ్యాక డబ్బా కింద పెట్టేసింది.

"ఇందుకేటే నిన్ను సదివించినాం? లారీవోడు ఒకపాలి సంపీసినాడు. నువ్వు రెండోపాలి సంపుతావా?"

ఇక దాచి లాభం లేదనుకుంది సత్యశ్రీ.

"ఆ రోజు తుప్పలు అడ్డముండబట్టే తమ్ముడికి లారీ కనబడలేదమ్మా. అయి కొట్టించీసి, అదే సోట మనం మళ్లీ గన్నేరు పెంచినాం."

జోగమ్మ వినిపించుకునే స్థితిలో లేదు. చదువు ఎక్కువై కూతురి గుండె బండబారిందని తిట్టింది. లారీల వాళ్లు సైతం అక్కడ దండం పెట్టుకుంటున్నారని, కన్న కొడుక్కి ఆ మాత్రం నీడ కూడా ఉండకూడదా అని ఏడ్చింది. చివరికి, వరండాలో కూర్చున్న భర్తను సాక్ష్యానికి పిలిచింది.

కొండలరావు పోర్టు నుంచి స్టీలు లోడు తోలే లారీ డ్రైవరు. కొడుకు పోయాక ఇంట్లో అతని మాట వినబడటం తగ్గిపోయింది. లారీ ఆ మలుపు దాటేటప్పుడు మాత్రం పొడుగ్గా హారన్ కొడతాడు. అది ఇంటిదాకా వినిపిస్తుంది. తండ్రి కొడుకుని పిలుస్తున్నాడని జోగమ్మ నమ్మకం. అది వినబడితేనే ఆవిడకు ముద్ద దిగుతుంది.

"నువ్వే సెప్పు. నువ్వు రోజూ పిలిసే కొడుకుని ఇది పీకించీమంతంది," అంది.

కొండలరావు తల ఎత్తకుండానే చెప్పాడు.

"నాను హారను కొట్టీది సన్నీని పిలవడానికి కాదే జోగీ. ఆ మొక్కల ఎనకాల ఊరి రోడ్డు నాకు కనబడదు. ఎవుల కొడుకైనా అడ్డమొచ్చీగలడని బయమేసి కొడతన్నాను. నీకు సెప్పనేకపోయినాను."

జోగమ్మ గోడకు ఆనుకుని అలాగే కూర్చుండిపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుని, తన కళ్లతో చూస్తానని కూతుర్ని స్కూటీ తియ్యమంది.

ఆ రోజు సన్నీ పెద్ద రోడ్డెక్కబోయిన చోటే, ఊరి రోడ్డు చివర సత్యశ్రీ స్కూటీ ఆపింది. వెనక కూర్చున్న జోగమ్మ పెద్ద రోడ్డు వైపు చూసింది. ఎర్రటి పూలు తప్ప ఏమీ కనబడలేదు. రోజూ దిమ్మె పక్కన నిలబడి నీళ్లు పోసిందే గాని, బండి మీద కూర్చుని ఇటువైపు నుంచి ఎప్పుడూ చూడలేదు ఆవిడ. అంతలో ఆ పూల వెనక నుంచి ఒక లారీ ముఖం మీదికి వచ్చినట్టు వచ్చి, ఆవిడ కొంగు ఎగరగొట్టి వెళ్లిపోయింది. జోగమ్మ కూతురి భుజాన్ని గట్టిగా పట్టుకుంది.

"నా బిడ్డకీ ఇలాగే కనబడిందా?"

సత్యశ్రీ తల ఊపింది.

"ఇంటికెల్లి కత్తి పట్రా."

రోడ్డు పనివాళ్లతో తీయిద్దామంది సత్యశ్రీ. నాటింది తాను గనుక ఎవరూ ముట్టుకోవద్దంది జోగమ్మ. కొడుకు పేరు పిలుస్తూ, ఒక్కో మొక్కనూ తానే నరికింది. చేతులు బొబ్బలెక్కినా కత్తి కూతురికి ఇవ్వలేదు. సాయంత్రానికి దిమ్మె, దాని మీద నవ్వుతున్న కుర్రాడు, రెండు రోడ్లూ బయటపడ్డాయి.

కొమ్మలు ఏరుతుండగా లోడుకెళ్లి తిరిగొస్తున్న కొండలరావు లారీ దూరంగా కనబడింది. అంత దూరం నుంచి ఆ లారీని అక్కడ చూడటం ఆవిడకు అదే మొదలు. అది దగ్గరికొచ్చింది. ఊరి రోడ్డు ఖాళీగా, చివరిదాకా కనబడుతోంది. హారన్ కొట్టాల్సిన పని లేదు, కొండలరావు కొట్టలేదు. జోగమ్మ చేతిలో కొమ్మలు వదిలేసి లారీ వైపే చూస్తూ నిలబడింది.

లారీ మలుపు దాటి, దిమ్మె పక్కకొచ్చి నెమ్మదించింది. అప్పుడు ఒక్కసారి, చిన్నగా హారన్ మోగింది.

"ఇప్పుడు పిలిసినాడే," అని జోగమ్మ కూతుర్ని వాటేసుకుని బావురుమంది.