దొంగ బీకన్

అనకాపల్లి స్టేషన్ రోడ్డులో పట్టపగలే రేడియో ఇంజనీరు అప్పారావును పొడిచేశారు. ప్రాణం పోయేముందు అతని నోట వచ్చింది ఒక్కటే మాట. "దొంగ బీకన్!"

అది 1965 సెప్టెంబరు. సరిహద్దులో యుద్ధం జరుగుతోంది.

"విను ఇసాక్," అన్నాడు సీక్రెట్ సర్వీస్ చీఫ్. "విశాఖలో మన రేడియో బీకన్ ఉంది. అదిచ్చే సిగ్నల్ వైపే విమానంలో సూది తిరుగుతుంది. మబ్బుల్లో పైలట్‌కి ఆ సూదే కళ్లు. శత్రువులు ఇక్కడెక్కడో అదే సిగ్నల్ ఇంకా గట్టిగా పంపుతున్నారు. సూది అటు తిరిగితే విమానం కొండను గుద్దేస్తుంది."

"ఏ విమానం?"

"నేవీకి రాడార్ సామాను తెస్తున్న డకోటా. గంటన్నరలో దిగాలి. హెచ్చరిద్దామంటే వైర్‌లెస్ జామ్ చేసేశారు." చీఫ్ తల దించుకున్నాడు. "పైలట్ మీ అన్న నాగూర్ మీరా."

ఇసాక్ జీపు తాళాలు అందుకున్నాడు.

పక్కనే సిగరెట్ పొగ వదులుతున్న మిస్ లిల్లీ లేచింది. అసలు పేరు బుల్లమ్మ. రెండు దేశాల జీతం తినే సుందరి. "చోటు నాకు తెలుసు. రోలుగుంట దాటాక, కొండమీద. చూపిస్తాను పద."

ఇసాక్‌కి ఆమెను చూస్తేనే ఒళ్లు మంట. కానీ జేబులోని ట్రాన్సిస్టర్‌ను తిప్పి చూస్తే సిగ్నల్ ఆ వైపు నుంచే వస్తోంది. ఆ పరికరం దిక్కు చెబుతుందే గాని దూరం చెప్పదు.

జీపు మాకవరపాలెం దాటింది. కొండలన్నీ మబ్బులో మునిగి ఉన్నాయి. రోడ్డు పక్కన చెరుకు తోటల మధ్య ఒక బెల్లం పాక. పొయ్యి మండుతోంది. ఇంజన్ టకటకలాడుతోంది.

ఇసాక్ బ్రేకు మీద కాలు పెట్టాడు. భాద్రపదంలో బెల్లం వండడమా! చుట్టూ చెరుకు ఇంకా పచ్చిగానే ఉంది. చలికాలం వస్తేగాని ఇక్కడ ఎవడూ గానుగ ఆడడు. జనరేటర్ చప్పుడు దాచడానికి వేషం బాగానే కట్టారు గాని, వెధవలు, నెల చూసుకోలేదు.

పిస్తోలు అతని కణతకు తగిలింది.

"ఆపకు! పోనీ! కాల్చేత్తాను!" కోపంలో లిల్లీ ఎగిరిపోయి బుల్లమ్మ బయటికొచ్చింది.

"మా అన్న నీకేటి సేసేడే?"

"ఏటీ సెయ్లేదు. నువ్వు పోనీ!"

పోనిచ్చాడు. తిన్నగా పాకలోకే.

తడిక ఫెళ్లున విరిగింది. బుల్లమ్మ ముందద్దానికి గుద్దుకుని సొమ్మసిల్లింది. పొయ్యి మీద పెనమే లేదు, పక్కన ట్రాన్స్‌మిటర్ ఉంది. తలపాగా చుట్టుకున్న విదేశీ ముఠా నాయకుడు తుపాకీ ఎత్తాడు. ఇసాక్ మండుతున్న చెరుకుపిప్పి వాడి మొహాన కొట్టాడు. పైన డకోటా మోత వినిపించింది. కిందికి, ఇంకా కిందికి దిగుతోంది. గొడ్డలి అందుకుని జనరేటర్ తీగ నరికేశాడు.

మోతకు పాక కప్పు అదిరిపోయింది. మరుక్షణం ఆ మోత పక్కకు తిరిగి, పైకి లేచి, సముద్రం వైపు సాగిపోయింది. ఇసాక్ నేలమీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. సీక్రెట్ ఏజెంట్లు ఏడవకూడదని రూలేమీ లేదు.

సాయంత్రం అన్న దగ్గర్నుంచి ట్రంక్ కాల్ వచ్చింది. ఇంట్లో అందరి దృష్టిలో ఇసాక్ గొడుగుల వ్యాపారి.

"ఒరే ఇసాకూ! మనూరి మీదకొచ్చేసరికి సూది పిచ్చెక్కినట్టు తిరిగిందిరా. బీకనోళ్లు నిద్రోతన్నారు. కంప్లైంటు రాసేత్తన్నాను!"

"ఏటయ్యిందో ఏటో అన్నా, పాపం..."

"నువ్వూరుకో. గొడుగులమ్ముకునేవోడివి, నీకేటి తెలుస్తాది?"

"తెలీదన్నా," అన్నాడు ఇసాక్, కాలిన చేతికి వెన్న రాసుకుంటూ. "అక్కడ వానగా ఉన్నాదా? ఓ గొడుగు పంపమంటావేటి?"