ఎడమవైపు సలాం

గద్వాలలో ఆటో నడిపే చాంద్‌పాషా తల్లి పోయి నెల దాటింది. ఆమె మంచం ఎత్తేసిన మూలలోనే కోడలు షాహెదా రోజూ పొద్దుగూకే మగ్రిబ్ వేళకు కాళ్లూ చేతులూ కడిగి వుజూ చేసుకుని, జానమాజ్ పరుచుకుని నమాజ్ చదివేది.

నమాజ్ చివర ముఖం కుడికి తిప్పి ఒక సలాం, ఎడమకు తిప్పి ఒక సలాం చెప్పాలి. మనిషి రెండు భుజాల దగ్గరా ఇద్దరు ఫరిష్తాలుంటారనీ, కుడివైపు దేవదూత మంచిని, ఎడమవైపు దేవదూత చెడును రాస్తారనీ, ఆ సలాం వాళ్లకూ చేరుతుందనీ చిన్నప్పుడు షాహెదాకు అమ్మమ్మ చెప్పింది.

ఆ సాయంత్రం కుడికి సలాం చెప్పి, ఎడమకు తిరిగింది.

"వ అలైకుమ్ సలాం."

చెవి పక్కనే. ఆడగొంతో మగగొంతో తెలియలేదు. అత్త మయ్యత్‌కు స్నానం చేయించిననాటి కర్పూరం వాసన గుప్పుమంది. ఇంట్లో ఎవరూ లేరు...

మర్నాడూ అంతే. మూడోనాడూ అంతే. కుడివైపు నుంచి మాత్రం ఒక్క మాట లేదు.

ఎందుకో షాహెదాకు ఎరుకే. అత్త ఆఖరి ఘడియలో నోట్లో నీళ్లు పోశాననీ, చెవిలో అల్లాను తలిచే కలిమా చదివాననీ అందరికీ చెప్పింది. అబద్ధం. ఆ పూట తను మిద్దె మీద ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతోంది. నీళ్ల కోసం అత్త గొంతు కింది నుంచి "పానీ... పానీ..." అని వినబడింది. జర ఆగితే ఏమైతదిలే అనుకుంది. దిగేసరికి అంతా అయిపోయింది.

నాలుగో సాయంత్రం భర్త తొందరగా ఇల్లు చేరాడు. ఇక ఓపలేక ఆయన కాళ్ల దగ్గర కూలబడింది.

"జర ఇనుండ్రి... అమ్మకు నేను నీళ్లు తాపలే. అబద్ధమాడిన."

చాంద్‌పాషా కోపగించుకోలేదు. అందుకే ఆమెకు మరీ భయమేసింది.

"తౌబా చేసుకో, అల్లాను మాఫీ అడుగు," అన్నాడు. "లే. నమాజ్ టైమైతుంది."

ఆయన ముందు నిలబడ్డాడు, ఆమె వెనక. చివర కుడికి సలాం... ఎడమకు సలాం... ఊపిరి బిగబట్టింది.

ఆమె చెవి దగ్గర ఏ చప్పుడూ లేదు. అల్లా మాఫ్ చేశాడనుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు... ముందు నుంచి, భర్త ఎడమ భుజం దగ్గర...

"వ అలైకుమ్ సలాం."

"ఇన్నరా?" గుసగుసగా అడిగింది.

చాంద్‌పాషా ఎడమకు తిప్పిన ముఖం ఇటు తిప్పలేదు.

"నీకు గూడ ఇనబడ్డదా?" అన్నాడు మెల్లగా. "పదేండ్ల సంది... నా ఒక్కనికే అనుకున్న."

వాళ్ల పెళ్లయి ఆరేళ్లే.