ఇలకోడికి దగ్గు పడదు

"ఖళ్, ఖళ్!"

వనజ దగ్గింది. నల్లమద్ది చెట్టు మీద గోల చేస్తున్న ఇలకోడి ఠక్కున ఆగిపోయింది.

"అబ్బా, మేడమ్! మళ్లీనా?" జయప్రకాశ్ కెమెరా దించి తల పట్టుకున్నాడు.

"దగ్గొస్తే నేనేం చేస్త సారూ? మింగాల్నా?"

ఆమె కిన్నెరసాని అడవిలో బీట్ ఆఫీసర్. అతను నేలకొండపల్లి రైతుబిడ్డ, కీటకాల మీద రిసెర్చ్ చేస్తున్నాడు. కొన్ని వారాలుగా ఇద్దరూ ఒక్క పురుగు కోసం తిరుగుతున్నారు. దాని పేరు పచ్చరెక్కల ఇలకోడి. కూత వినిపిస్తుంది, తను కనిపించదు. అలికిడైతే చాలు, ఊరుకుంటుంది. తొలివాన పడిందంటే ఈ ఏటికి దాని పాట సరి.

పొద్దుటి నుంచీ ఆకాశం ఉరుముతూనే ఉంది. జయప్రకాశ్‌కి కాలు ఒకచోట నిలవడం లేదు. చెట్టు చుట్టూ తిరుగుతాడు, మబ్బు వంక చూస్తాడు, మళ్లీ తిరుగుతాడు.

"ఒక్క తాన నిలబడరాదా? మీ బూట్ల చప్పుడుకే అది బెదురుతాంది."

"నా బూట్లా! నేను దాని దగ్గరికి పోయినప్పుడే మీకు దగ్గొస్తది. జీపుల రాదు, అన్నం తినేటప్పుడు రాదు. గిదేం దగ్గండీ?"

వనజ ముఖం తిప్పుకుంది. చెవులు ఎర్రబడ్డాయి.

"కావాల్ననే దగ్గుతున్నరా?" అతనికి కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ బాధేసింది. "ఎందుకు?"

"అవ్, కావాల్ననే! అది దొరికితే మీరు బ్యాగు సర్దుకుని పోతరు. ఇగ ఈ అడవితోని మీకేం పని? నాతోని ఏం పని?"

జయప్రకాశ్ చెట్టును వదిలి ఆమె ముందుకొచ్చాడు.

"అయ్యో వనజా! దొరకకపోతేనే పోవాలె! ఇయ్యాల ఫొటో పంపకపోతే మా ప్రొఫెసర్ నన్ను వేరే అడవికి మారుస్తడు. దొరికితే ఏడాదంతా ఇక్కడ్నే. నేను గింత ఆగమాగం అవుతున్నది పురుగు కోసమనుకున్నరా? మీ కోసం!"

ఆమె టోపీ మీద మొదటి చినుకు పడింది.

"గీ ముక్క ముందే చెప్తే ఏం పోయేది?" అంటూ వనజ అతని చెయ్యి పట్టుకుని చెట్టు మొదట్లోకి లాగింది. "ఇగ కదలకు."

కదల్లేదు. ఇన్నాళ్లకు అతని కాళ్లు నిలిచాయి. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

సరిగ్గా తల మీది కొమ్మ నుంచి ఇలకోడి మళ్లీ అందుకుంది. ఆకుల మధ్య పచ్చటి రెక్కలు కనిపించాయి.

"తియ్యి, జల్దీ!" వనజ గుసగుసలాడింది.

"చెయ్యి వదులు మరి."

"వదల. ఒంటి చేత్తోని తియ్యి."

ఫొటో కాస్త వంకరగా వచ్చింది. రెక్కలు మాత్రం పచ్చగానే ఉన్నాయి.