ఒక పోగు తక్కువ

నగరిలో ఆ ఏడాది, అంటే పంతొమ్మిది వందల ఎనభై ఆరులో, మంగళవారం సాయంత్రం ఏడున్నరయ్యేసరికి దేవాంగుల వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారిగా నోరు మూసుకునేవి. వీధి మొత్తానికి టీవీ ఉన్నది జయరామయ్య ఇంట్లోనే. మిద్దె మీద కొబ్బరిచెట్టంత ఇనుప గొట్టం నిలబెట్టి, యాంటెన్నా మొహం మద్రాసు వైపు తిప్పి పెట్టాడాయన. గాలి కాస్త గట్టిగా వీచిందంటే తెర మీద మనుషులు చలిజ్వరం వచ్చినట్టు వణికేవాళ్లు. ఎవరికీ అది పట్టేది కాదు.

వచ్చేది అరవ నాటకం, పదమూడు వారాలది. నగరి వాళ్లకు అరవం తెలియకపోవడమేమిటి, కలల్లో కూడా రెండు భాషలూ కలిపే మాట్లాడతారు. దానికేదో పేరుండేది గానీ, ఈ వీధిలో అందరికీ అది మంగళవారం కథ. అందులో వేదవల్లి అనే ఇల్లాలు. రెండు కాన్పులు పోయి మూడోసారి కడుపుతో ఉంటుంది. పన్నెండో వారం ఆమెకు నొప్పులొచ్చాయి. గది తలుపు మూశారు. మొగుడు గుమ్మం ముందు చెప్పులు విడిచి, తలుపుకు చెవి ఆనించి నిలబడ్డాడు. అక్కడ ఆపేసి, మిగతాది వచ్చే వారం అన్నారు.

ఇక చూడండి, వీధిలో ఎవరికీ అన్నం సహించలేదు. తల్లి బతుకుతుందా, బిడ్డ బతుకుతుందా? నీళ్ల పంపు దగ్గరా అదే మాట, రాట్నాల దగ్గరా అదే మాట. జయరామయ్య పెళ్లాం భారతమ్మ అయితే, టీవీ తమ ఇంట్లో ఉంది గనక ముగింపు కూడా తనకే ముందు తెలుస్తుందన్నట్టు మాట్లాడేది. ఇద్దరూ బతుకుతారు, ఇన్ని వారాలు ఏడిపించి చివర్లో చంపితే ఎవరూరుకుంటారని ఆమె వాదన. బిడ్డ పోతుంది, తల్లి ఎవరినో తెచ్చి పెంచుకుంటుందని వరదమ్మ అనేది.

వరదమ్మ కోడలు చౌడేశ్వరి మాత్రం నోరు విప్పేది కాదు. ఆమెకప్పుడు ఎనిమిదో నెల. ఆమెకూ రెండు పోయాయి. మొదటి వారం ఆ నాటకం చూస్తుండగానే ఆమె మనసులో ఒక ముడి పడిపోయింది. వేదవల్లి బిడ్డ దక్కితే తన బిడ్డా దక్కుతుంది, లేకపోతే లేదు. పిచ్చి ఆలోచనేనని ఆమెకూ తెలుసు. తెలిసినంత మాత్రాన అది వదలలేదు.

ఆ సంగతి కనిపెట్టింది ఒక్క కుప్పమ్మ అవ్వ. అవ్వది పడుగులు, అంటే మగ్గం మీద నిలువుగా సాగే పోగులు, అతికే పని. మగ్గం మీద చీరలు దిగిపోయాక పాత పడుగు కొనలు కొన్ని మిగలనిచ్చి, కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే వాటికి మెలిపెట్టి అతుకుతారు. వేల పోగులు. వేళ్లు జారకుండా పక్కన చిప్పలో బూడిద పెట్టుకుని, మాటిమాటికీ అద్దుకుంటారు. అవ్వది ఎడమచేతి వాటం. అందరి మెలికా ఒకవైపుకు తిరిగితే అవ్వ మెలిక రెండోవైపుకు తిరిగేది. చూడగానే చెప్పేయొచ్చు, ఇది కుప్పమ్మ అతుకు అని. ఇంకో సంగతి, ఈ పన్నెండు వారాల్లో మంగళవారం కథలో ఏం జరగబోతుందని అవ్వ చెప్పిందో, అదే జరిగింది. ఒక్కసారి కూడా తప్పలేదు.

బుధవారం అవ్వ చౌడేశ్వరి ఇంట్లో పడుగు అతుకుతూ ఉంది. పసుపు చీరల పడుగు, అంచుకు ఎర్ర పోగులు. అమ్మలక్కలంతా చేరి అవ్వను గుచ్చి గుచ్చి అడిగి, విసిగి లేచిపోయారు. అప్పుడు చౌడేశ్వరి పక్కన కూర్చుంది.

"నిజం సెప్పవ్వా. తల్లా, బిడ్డా?"

అవ్వ తలెత్తలేదు. ఇద్దరూ బతకాలంటే కథ ఇంకో చోట తెగాల్సి వస్తుందని మాత్రం అంది. చౌడేశ్వరి కళ్లల్లో నీళ్లు తిరగడం చూసి, బూడిద వేళ్లతోనే ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఏడవద్దుమే. ఈ పడుగు అయిపొయ్యేలోగా ఆ కతని నేనే సరిగ్గా అతికి నీ సేతిలో పెడతా. నా మాట నమ్ము."

శనివారం మధ్యాహ్నం అవ్వ ఇంత సంగటి తిని, కాసేపు నడుం వాల్చింది. మళ్లీ లేవలేదు. ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదానికొకటి గట్టిగా అతుక్కుపోయి ఉన్నాయి. ఎంత లాగినా విడిపడలేదు. అలాగే కాటికి తీసుకెళ్లారు.

సగం అతికిన పడుగు చౌడేశ్వరి ఇంట్లోనే ఉండిపోయింది. ఆ వీధిలో ఒక ఆనవాయితీ ఉంది. అతికే మనిషి మధ్యలో పోతే ఆ చెయ్యి అతికిందంతా కత్తిరించేసి, మళ్లీ మొదటినుంచి అతకాలి. పోయిన చేతి పనికి బతికిన చెయ్యి కలపకూడదు. వరదమ్మ కోడలికి రెండుసార్లు చెప్పి మంగళవారం పొద్దున చుట్టాల ఇంటికి పుత్తూరు వెళ్లింది. చౌడేశ్వరి కత్తెర తీసుకుని పడుగు ముందు కూర్చుంది. దీన్ని కత్తిరిస్తే అవ్వ ఇచ్చిన మాటను కత్తిరించినట్టే కదా అనిపించింది. కత్తెర పక్కన పెట్టి, అవ్వ చిప్పలో మిగిలిన బూడిదే వేళ్లకు అద్దుకుని, అవ్వ ఆపిన చోటినుంచి అతకడం మొదలుపెట్టింది. దీపాలవేళకు అంచు దగ్గర పదో పన్నెండో ఎర్ర పోగులు మిగిలాయి. ఏడున్నర కావస్తోందని లేచి జయరామయ్య ఇంటికి పోయింది.

వరండా నిండా జనం. స్తంభం పక్కన అవ్వ కూర్చునే చోటు మాత్రం ఎవరూ ముట్టుకోకుండా వదిలేశారు. చౌడేశ్వరి ఎప్పటిలాగే దాని పక్కనే కూర్చుంది. కథ మొదలైంది. మూసిన తలుపు. లోపల వేదవల్లి మూలుగు. గుమ్మం ముందు చెప్పులు. గాలికి బొమ్మ వణికింది. మంత్రసాని గడియ మీద చెయ్యి వేసింది...

కరెంటు పోయింది.

అందరూ ఒక్కసారి ఉసూరుమన్నారు. భారతమ్మ కరెంటు ఆఫీసు వాళ్లను వాళ్ల తాతల దాకా తిట్టి, అగ్గిపెట్టె కోసం లోపలికి పోయింది. వీధి వీధంతా చీకటి. ఎక్కడో పిల్లవాడు ఏడ్చి ఆగాడు. తరువాత మాటలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. గాలి కూడా నిలిచిపోయింది.

ముందు వాసన వచ్చింది. పుల్లగా, పడుగుకు పట్టించే గంజి వాసన. దాని వెనకే బూడిద వాసన. పొయ్యి బూడిద కాదు... కాటి బూడిద.

చౌడేశ్వరి చెయ్యి మీద ఒక చెయ్యి పడింది. పొడిగా ఉంది. చల్లగా ఉంది. రెండు వేళ్లు ఆమె చూపుడువేలు పట్టుకుని, మెల్లగా మెలిపెట్టసాగాయి. ఎడమవైపుకు...

"నేను మొదలుపెట్టింది నువ్వు అతికినావే." చెవి పక్కనే గుసగుస.

చౌడేశ్వరికి లేచి పారిపోవాలనిపించింది. భయం కంటే పెద్దది ఇంకొకటి ఆమె లోపల ఉంది, అదే నోరు తెరిపించింది.

"కత... సెప్పవ్వా. తల్లా? బిడ్డా?"

"ఇద్దరినీ అతికేస్తా. ఒక పోగు తక్కువొస్తా ఉండాది. పక్కనుంచి తీసుకోవాల." వేళ్లు ఆగాయి. "తీసుకోనా?"

పక్కనుంచి అంటే ఎవరినుంచి అని అడగాలి. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడే కడుపులో బిడ్డ కాలితో తన్నింది. గట్టిగా, బతికున్న తన్ను.

"తీసుకో అవ్వా," అంది చౌడేశ్వరి.

కరెంటు వచ్చింది. తెర మీద పేర్లు వరసగా పైకి పోతున్నాయి. కథ అయిపోయింది. అందరూ నెత్తి కొట్టుకుంటున్నారు. స్తంభం పక్కన ఎవరూ లేరు. చౌడేశ్వరి చూపుడువేలు చుట్టూ బూడిద, ఉంగరంలాగా.

ఇంటికి వచ్చి చూస్తే పడుగు మొత్తం అతికి ఉంది. తాను వదిలేసి వెళ్లిన ఎర్ర పోగులన్నీ ఎడమచేతి మెలికతో అతికి ఉన్నాయి. ఒక్క పాత కొన మాత్రం జత లేకుండా వేలాడుతోంది. దానికి కలవాల్సిన ఎర్ర పోగు ఎక్కడా లేదు. దీపం పట్టుకుని మగ్గం కింద, చాప కింద, చిప్పలో వెతికింది. దొరకలేదు. మర్నాడు అత్త అడిగితే, కత్తిరించి మళ్లీ అతికానని అబద్ధం చెప్పింది.

గురువారం తిరుత్తణినుంచి భారతమ్మ చెల్లెలు వచ్చింది. వాళ్ల ఊళ్లో ఆ రోజు కరెంటు పోలేదట. వీధంతా ఆమె చుట్టూ మూగింది. వేదవల్లి బతికింది, బిడ్డా బతికింది అని చెప్పగానే భారతమ్మ తానే ఆ కథ రాసినంత సంబరపడింది. తలుపు తీశారట. గుమ్మం ముందు మొగుడి చెప్పులున్నాయట. మొగుడు లేడట. ఆ చెప్పుల్నే కాసేపు చూపించి పేర్లు వేసేశారట. గుడికి పోయుంటాడని ఒకరు, ఇదేం ముగింపని ఇంకొకరు, అప్పటికప్పుడు వాదనలు లేచాయి. చౌడేశ్వరికి ఆ వాదనలేవీ వినపడలేదు. గోడ పట్టుకుని ఇల్లు చేరింది.

పక్కనుంచి అంటే ఏమిటో ఆమెకు తెలిసిపోయింది. తన పక్కన ఉన్నది ఎవరు? మొగుడు శాంతయ్య. పెళ్లైన ఆరేళ్లలో ఒక్క మాట గట్టిగా అనని మనిషి. తీసుకో అన్నది తన నోరే. ఆ నోటితో మొగుడికి ఈ సంగతి ఎలా చెబుతుంది?

చెప్పలేదు. కాన్పు అయ్యేదాకా నువ్వు ఉత్తకాళ్లతో నడుస్తావని తిరుచానూరు అమ్మవారికి మొక్కుకున్నానంది. శాంతయ్య సరేనన్నాడు. అతని చెప్పుల్ని పాత చీరలో చుట్టి, మగ్గం గుంటలో కాళ్లు పెట్టే చోట మట్టి తవ్వి, ఎవరూ లేనప్పుడు పూడ్చి, పైన పలక పెట్టింది. నొప్పులు మొదలవగానే గుమ్మం ముందు నిలబడకుండా తిరుచానూరు బస్సెక్కమని ఒట్టు వేయించుకుంది. నేనేమన్నా నాటకంలో మొగుడినా అని అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

నెల తిరిగాక ఒక శుక్రవారం పొద్దున పది గంటలకు నొప్పులొచ్చాయి. మంత్రసాని మునెమ్మ వచ్చి తలుపు మూసింది. ఎండ కిటికీలోంచి పడుతోంది, పక్కింట్లో మగ్గం ఆడుతోంది, అంతా మామూలుగానే ఉంది. మధ్యాహ్నం దాటాక నొప్పుల మధ్య చౌడేశ్వరికి తలుపు అవతల దగ్గు వినిపించింది. శాంతయ్య దగ్గు.

"పొమ్మను... ఆయన్ని ఆడ నిలబడొద్దను..."

"యాడికి పోనుమే నిన్నిట్లా ఇడిసి," అన్నాడు శాంతయ్య బయటనుంచి. "ఈడే ఉంటాలే."

ఆమె అరిచింది. పొమ్మని అరిచింది. మునెమ్మ అది నొప్పి అరుపనుకుని, ఇంకొక్కసారి ముక్కమంది. బిడ్డ బయటపడింది. ఒక్క క్షణం చప్పుడు లేదు. తరువాత కేరుమంది. ఆడపిల్ల. ఎర్రగా, బలంగా, గుప్పిళ్లు బిగించి ఏడుస్తోంది. మునెమ్మ బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టింది.

చౌడేశ్వరి బిడ్డను చూసింది. గుండె నిండిపోయింది. అదే గుండెతో తలుపు వైపు చెవి పెట్టింది. దగ్గు లేదు. అడుగుల చప్పుడు లేదు. పక్కింటి మగ్గం కూడా ఆగిపోయి ఉంది.

మునెమ్మ చేతులు కడుక్కుని గడియ తీసింది. బయటికి తొంగిచూసి, అటూ ఇటూ చూసింది.

"యాడికి పోయినాడో మే. దగ్గర్లోనే ఉంటాడులే. సెప్పులు ఈడే ఉండాయి."

చౌడేశ్వరి కళ్లు మూసుకుంది. గుంటలో తాను పూడ్చినవి, ఎవరికీ చెప్పనివి.

మునెమ్మ వంగి చెప్పుల్ని పక్కకు జరపబోయింది. ఒకటి పట్టుకుంటే రెండోది కూడా దానితో పాటే లేచింది. రెండింటినీ కలిపి ఏదో కట్టి ఉందని, ఎండ వైపు తిప్పి చూసింది. ఎర్ర పోగు. ఒక్కటే. ముడి లేదు, ఎడమచేతి మెలికతో అతికి ఉంది.