తలుపున్న గది

ఆదివారం పొద్దున టీ కూడా తాగకుండానే కైలాసం టేపు పట్టుకుని మధ్య గదిలోకి వెళ్లాడు. ఆర్టీసీ డిపోలో ముప్పై రెండేళ్లు మెకానిక్‌గా చేసిన మనిషి, కొలత లేకుండా ఏ పనీ మొదలుపెట్టడు. గోడకూ మంచానికీ మధ్య రెండడుగుల మూడంగుళాలు వచ్చింది. నమ్మకం కుదరక మళ్లీ కొలిచాడు. అంతే వచ్చింది.

"టేబులే రెండున్నర అడుగులు మామయ్యా. కుర్చీ జరగాలంటే ఇంకో రెండడుగులన్న కావాలె," అంది కోడలు రచన గుమ్మంలో నిలబడి.

మంచం మీద కూర్చున్న నాగమణమ్మ భర్త చేతిలోని టేపును చూసింది. "ఏం కొలుస్తున్నవయ్యా, పరదల కోసమా?"

"పరదల కోసమే," అన్నాడు కైలాసం ఆమె వైపు చూడకుండా.

హైదరాబాద్ పాతబస్తీ, ఛత్రినాకలోని ఆ ఇంట్లో ఉన్నవి ముందు గది, మధ్య గది, వెనక వంటిల్లు. లోపల తలుపున్నది మధ్య గదికొక్కదానికే. రెండేళ్లుగా నాగమణమ్మకు మతిమరుపు జబ్బు. మూడు నెలల కిందట ఒక మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా నడుచుకుంటూ పోయి జహనుమా బస్తీలో దొరికింది. మోకాళ్లు అరిగిన కైలాసం ఆమె వెంట పరుగెత్తలేడు. కొడుకు శ్రవణ్‌కుమార్ ఎలక్ట్రికల్ షాపులో పొద్దంతా నిలబడాలి. అందుకే రచన రెండు బస్సులు మారి వెళ్లే ఆఫీసు మాని, ఇంటి నుంచే పని చేస్తానని తన కంపెనీని బతిమాలింది. వాళ్లు ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. ఆమె చూసేవి రోగుల ఆసుపత్రి కాగితాలు. తలుపు వేసి ఉన్న గదిలోనే కూర్చోవాలి, ఇంకో మనిషి కనబడకూడదు. సోమవారం పది గంటలకు వీడియోలో గది చూస్తారు.

"ముందు గదిల పెట్టుకుంటే కాదా బిడ్డా?" అని అడిగాడు కైలాసం.

"ముందు గదికి తలుపేడుంది మామయ్యా, ఒట్టి పరదనే కదా. పొద్దంత ఆటోల సప్పుడు. వాళ్లు ఒప్పుకోరు."

ఇంతలో శ్రవణ్ బజారు నుంచి వచ్చి ఒక కొత్త గొళ్లెం తీసి కిటికీలో పెట్టాడు. "వడ్రంగి ఎల్లేష్‌కు చెప్పిన, పది నిమిషాల్ల వచ్చి కొడతడు. మంచం ముందు గదిలకు జరుపుదాం."

కైలాసం ముఖం మారిపోయింది. "మంచం జరుపు. గొళ్లెం మాత్రం వద్దు."

"గొళ్లెం లేకుంటే అమ్మ తోసుకొని రాదా బాపు?"

"వస్తే రానీ. గొళ్లెం వద్దంటే వద్దు."

ఎందుకో శ్రవణ్‌కూ తెలుసు. నిరుడు నాగమణమ్మ బాత్రూంలో గొళ్లెం పెట్టుకుని, తీయడం మరిచిపోయింది. తలుపు పగలగొట్టేదాకా లోపలి నుంచి ఆమె ఏడుస్తూనే ఉంది. ఇవతల నిలబడి "పైకి లేపు, పక్కకు జరుపు" అని చెప్పీ చెప్పీ కైలాసం గొంతు పోయింది. మర్నాడు ఇంట్లో ఉన్న గొళ్లేలన్నీ ఆయనే ఊడదీశాడు.

శ్రవణ్ గొళ్లెం కిటికీలోనే వదిలేశాడు. తండ్రీ కొడుకులు మంచాన్ని ముందు గదిలోకి మోశారు. నాగమణమ్మ తన దిండు చంకన పెట్టుకుని వాళ్ల వెనకే నడిచింది. కాసేపటికి మళ్లీ మధ్య గదిలోకి వచ్చి, మంచం ఉండే చోట ఉత్త నేల మీద కూర్చుంది. రచన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. మళ్లీ వచ్చింది. సాయంత్రందాకా అదే పని.

సోమవారం పది గంటలకు రచన లాప్‌టాప్ ముందు కూర్చుంది. అవతల కంపెనీ మనిషి గోడలు చూపించమంది, కిటికీ చూపించమంది. రచన లాప్‌టాప్ చేతుల్లో పట్టుకుని తిప్పుతుండగా తలుపు తెరుచుకుంది.

"ఎవరమ్మా నువ్వు? నా మంచమేది?" అంది నాగమణమ్మ.

వెనక నుంచి కైలాసం ఆమె భుజం పట్టుకుని లాగాడు గానీ ఆలస్యమైపోయింది. కంపెనీ మనిషి మర్యాదగానే మాట్లాడింది. గురువారం ఇంకోసారి చూస్తామంది. అప్పుడూ కుదరకపోతే వచ్చే నెల నుంచి ఆఫీసుకే రావాలంది.

లాప్‌టాప్ మూసి రచన లేచింది. "పది నిమిషాలు అత్తమ్మా. పది నిమిషాలు బయటుండమంటే ఉండరాదా? ఇది ఇప్పుడు ఆఫీసు. మీరు లోపలికి రావద్దు."

నాగమణమ్మ తలూపి మెల్లగా ముందు గదిలోకి వెళ్లిపోయింది.

"నా పెండ్లాం మీద గొంతు లేపకు," అన్నాడు కైలాసం.

"గొళ్లెం ఉంటే గింత లొల్లి అయ్యేదా మామయ్యా? నేను ఎవరి కోసం అడిగిన ఈ పని? ఆఫీసుకు పోతే అత్తమ్మ రోడ్డు మీద పడతది. ఇంట్ల ఉంటే అత్తమ్మ మొఖం మీదనే తలుపు వెయ్యాలె. నన్నేం చెయ్యమంటరు, మీరే చెప్పుండ్రి."

షాపుకు ఆలస్యంగా వస్తానని చెప్పి ఆగిన శ్రవణ్ ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. "నువ్వు జర ఆగు రచనా. బాపు, నువ్వన్న సమజ్ చేసుకో."

"ఏం సమజ్ చేసుకోవాలెరా? నా చేత కానిది ఏదో నాకు తెల్వదా? ఆమె వెంబడి పోనీకి కాళ్లు లేవు. ఇంట్లనే ఉన్న, ఉండి ఏం ఫాయిదా?"

శ్రవణ్ తల తిప్పి ముందు గదిలోకి చూశాడు. మంచం మీద ఎవరూ లేరు. దిండు లేదు. వీధి తలుపు తెరిచి ఉంది.

శ్రవణ్ బండి తీసి ఒకవైపు వెళ్లాడు. రచన చెప్పులు లేకుండానే ఇంకోవైపు పరుగెత్తింది. కనబడ్డ ప్రతి ఒక్కరినీ అడిగింది. అరగంట గడిచాక మార్కెట్ మలుపులో, కూరగాయలమ్మే ఆగమ్మ బండి పక్కన నాగమణమ్మ కనబడింది. దిండు ఒళ్లో పెట్టుకుని బోర్లించిన గంప మీద కూర్చుంది. ఆగమ్మ ఆమెకు మంచినీళ్లు తాపుతోంది.

"జల్దీ వచ్చినవ్ బిడ్డా, నేనే తోలుకొద్దామనుకుంటున్న," అంది ఆగమ్మ. "ఏమైందక్కా అంటే, ఇల్లు ఖాళీ చెయ్యమన్నరు అంటున్నది."

"ఔనమ్మా," అంది నాగమణమ్మ, రచనకే చెబుతూ. "మా ఇంట్ల ఎవరో ఆఫీసోళ్లు దిగిన్రు. మా ఆయనకు చెప్పుండ్రి, నేనీడ కూసున్ననని."

రచన ఆమె పక్కన నేల మీద కూలబడింది. అత్తగారి చీర కొంగు పట్టుకుని ఏడ్చింది. నాగమణమ్మ ఆ కొత్త మనిషి తల నిమిరి, "నిన్ను గూడ ఖాళీ చెయ్యమన్నరా?" అని అడిగింది.

ఇంటికొచ్చారు. తండ్రీ కొడుకులు మంచాన్ని మళ్లీ మధ్య గదిలో వేశారు. నాగమణమ్మ దాని మీద పడుకుని వెంటనే నిద్రపోయింది. రచన అన్నం వండటానికి స్టవ్ వెలిగించి, అక్కడే ఆగిపోయింది. కాసేపటికి కైలాసాన్ని పిలిచింది.

"మామయ్యా, అత్తమ్మ వంటింట్లకు వచ్చి ఎన్ని రోజులైంది?"

కైలాసం ఆలోచించాడు. "మొన్న ఉగాదికి... కాదు. దసరాకు..." అని ఆగాడు.

"రాలేదు మామయ్యా. దాహమైతే మిమ్మల్నడుగుతరు. బాత్రూంకు పోవాలంటే పక్క సందుల నుంచి పోతరు. ఇల్లంత తిరుగుతరు గని, ఈ గుమ్మం దాటరు."

నలభై ఏళ్లు తెల్లారకముందే ఆమె లేచి వచ్చిన గది అది. పెళ్లయిన కొత్తలో రచన గరిటె ముట్టుకుంటే ఊరుకునేది కాదు. ఆ గది ఇంట్లో ఉందన్న సంగతే ఆమె మతిలోంచి పోయింది. అది ఎప్పుడు పోయిందో, పక్కనే ఉన్న ముగ్గురిలో ఒక్కరూ గమనించలేదు. కైలాసం గుమ్మానికి ఆనుకుని, కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆయన ఏడవగా చూడటం రచనకు అదే మొదటిసారి.

కండువాతో ముఖం తుడుచుకుని ఆయనే అన్నాడు. "వెనక రేకుల కింద స్టవ్ పెట్టుకుందాం బిడ్డా. ఎల్లేష్‌ను పిలువు. దీనికి తలుపు పెట్టిద్దాం. గొళ్లెం నేనే కొడత, లోపటి దిక్కు."

బుధవారానికి గిన్నెలు, డబ్బాలు అన్నీ వెనక్కి చేరాయి. గిన్నెల చెక్క తీసేసిన చోట టేబుల్ పట్టింది. శ్రవణ్ గోడకు సున్నం వేశాడు గానీ నూనె మరకలు పూర్తిగా పోలేదు. గురువారం కంపెనీ మనిషి అన్నీ చూసి సరేనంది. ఆ రోజే పని మొదలుపెట్టమంది.

రచన తలుపేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తెర మీద ఎవరివో కాగితాలు చూస్తోంది. కెమెరా వెలుగుతోంది. పదకొండు గంటలప్పుడు మధ్య గదిలోంచి మాటలు సన్నగా వినబడ్డాయి.

"ఆ తలుపు వెనక ఎవరయ్యా?"

"మన రచన. కోడలు. పని చేసుకుంటున్నది."

"మనకు కోడలున్నదా?"

"ఉన్నది. మంచి పిల్ల."

తర్వాత నాగమణమ్మ అడిగింది. "పొద్దుగాల ఏమన్న తిన్నదా మరి?"

"తిన్నది."

ఐదు నిమిషాలకు మళ్లీ మొదటి నుంచి అదే అడిగింది. కైలాసం మళ్లీ మొదటి నుంచి అట్లాగే చెప్పాడు. పన్నెండున్నర దాకా లేచి తలుపు తీసే వీలు రచనకు లేదు. కళ్లు తుడుచుకుంటే కెమెరాలో కనబడుతుందని, నీళ్లు కారుతుంటే కారనిస్తూ, తర్వాతి కాగితం తెరిచింది.