ఆకుపచ్చ చేప వాళ్ళమ్మ

పొద్దున ఐదున్నరకి ఆ ఇంట్లో రెండు శబ్దాలు వినిపిస్తాయి. ఒకటి వీధివైపు గదిలోంచి మామయ్య గురక. రెండోది లోపలి గదిలోంచి అమ్మ నవ్వు. గురక అసలైనదే. నవ్వు మాత్రం ఉద్యోగంలో భాగం.

అమ్మ లెక్కల టీచరు. వీధి చివరి బడిలో పన్నెండేళ్ళు చెప్పింది. విదేశీ సిలబస్ ఉన్న పెద్ద స్కూలు ఒకటి వచ్చింది, పిల్లలంతా అటు వెళ్ళిపోయారు, ఈ బడికి తాళం పడింది. అమ్మ కూడా తన కూతుర్ని అక్కడే చేర్పించింది మరి. ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని సముద్రాల అవతలి పిల్లలకి చెబుతోంది. వాళ్ళకి అది సాయంత్రం. ఒకే ప్రశ్న పదిసార్లడిగినా మంచి ప్రశ్న అనాలి. కంపెనీలో ఎవరో చాటుగా విని, టీచరు ఎంత నవ్విందో చూసి మార్కులేస్తారు. ఏడున్నరకి ఆ తలుపు తెరుచుకునేసరికి, ఆ రోజుకున్న ఓపికంతా ఓడెక్కి వెళ్ళిపోయి ఉంటుంది.

సరిగ్గా అప్పుడే ఐదో తరగతి చదివే కూతురు భిన్నాల లెక్క పట్టుకుని ఎదురొచ్చేది. ఎన్నిసార్లు చెప్పాలే నీకు, అనేది అమ్మ. నిజానికి ఒక్కసారి కూడా పూర్తిగా చెప్పింది లేదు. నాలుగు రోజులు అడిగి, ఐదో రోజునుంచి ఆ పిల్ల అడగడం మానేసింది.

మామయ్య అంటే అమ్మ తమ్ముడు. ఏడో తరగతితో చదువుకి దండం పెట్టి, వీధివైపు గదిలో సైకిళ్ళు బాగుచేస్తుంటాడు. రోజుకొకరిని ఆటపట్టించకపోతే అతనికి తిన్నది అరగదు. అక్క సబ్బుపెట్టెలో బంగాళదుంప పెట్టి, స్నానాలగది బయట చెవి ఆనించి నిలబడ్డ ఘనుడు. కంపెనీ ఒక్కో టీచరుకి, బంధువుల పిల్లల కోసం ఒక సీటు ఊరికే ఇస్తుందని అతనికి తెలిసింది. ఇంట్లోనే ఉన్న పిల్లకి సీటెందుకని అమ్మ ఆ మెసేజిని పట్టించుకోలేదు. మామయ్య దాన్ని మెల్లిగా తన ఫోనులోకి పంపుకున్నాడు.

పిల్లల అసలు పేర్లు తెరమీద కనిపించకూడదని అక్కడ నియమం. మామయ్య తెగ ఆలోచించి 'ఆకుపచ్చ చేప' అని పెట్టాడు. కెమెరా ఆపేసి, మైకు పాడైందని రాయించాడు. మర్నాటినుంచి మేనకోడలు చక్రాల మధ్య బోర్లించిన బకెట్ మీద కూర్చుని, గోడ అవతలి అమ్మ దగ్గర పాఠం వినసాగింది.

రెండ్రోజులయ్యాక చెప్పేసి అక్క మొహం చూద్దామనుకున్నాడు. మూడోరోజు పిల్ల అతని చొక్కా పట్టుకుంది.

"చెప్పకు మామయ్యా. చెప్తే మానిపించేస్తుంది."

అతను నవ్వి ఊరుకున్నాడు. అలా మూడు వారాలు గడిచాయి.

ఈలోగా టిఫిన్ల దగ్గర అమ్మ నోట ఒకటే మాట. చేప అని ఒక పిల్ల ఉందట. తెలియకపోతే తెలియలేదని రాస్తుందట, మళ్ళీ చెప్పమని ఎంతో ముద్దుగా అడుగుతుందట. కూతురి వైపు తిరిగి, దాని కాలి గోటికి సరిపోతావా నువ్వు, అనేది. పిల్ల తల వంచుకుని తినేది. మామయ్యకి మొదట్లో నవ్వు ఆగేది కాదు. పోనుపోను అక్క ఆ మాట ఎత్తగానే కంచం పట్టుకుని వీధివైపు గదిలోకి వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు పెద్ద స్కూలునుంచి అమ్మకి పిలుపొచ్చింది. పరీక్షలో సగమూ మూడో వంతూ కలపమంటే, కూతురు కాగితపు పట్టీ బొమ్మ గీసి, ఆరు గళ్ళు చేసి, ఐదు గళ్ళు నింపిందట. తాము చెప్పని పద్ధతి, ఎవరిది చూసి రాసిందో కనుక్కోమన్నారు. మళ్ళీ జరిగితే తరగతిలో కూర్చోనివ్వరట.

ఇంటికొచ్చి అమ్మ ఆ పేపరు కూతురి ముందు పెట్టింది. ఎవరు రాసిచ్చారని అడిగింది. పిల్ల పేపరు అంచు మడతపెడుతూ కూర్చుంది. అడిగిన కొద్దీ అమ్మ గొంతు పెరిగింది. ఇలాంటి దొంగ నా కడుపున ఎలా పుట్టిందనేదాకా వెళ్ళింది. ఆ పట్టీ తనదేనని, తను రోజూ తెరమీద గీసేదేనని ఆ కోపంలో తట్టలేదు.

మామయ్య చేతుల గ్రీజు తుడుచుకోకుండానే లోపలికొచ్చాడు.

"దాన్నేం అనకక్కా. చేప వాళ్ళింటికి టీచరమ్మ ఉత్తరం పంపింది, పొద్దున్న. నాకు ఆ ఇంగ్లీషు కూడబలుక్కున్నా రాదు. నువ్వే చదువు."

అమ్మ ఫోను తీసుకుంది. అది తను నిన్న రాసిన నెల రిపోర్టు. మీ పాప చాలా తెలివైనది, కానీ ప్రశ్న అడిగినప్పుడల్లా ముందుగా క్షమించమంటుంది, ఇంట్లో ఎవరో విసుక్కుంటున్నారని నా అనుమానం, దయచేసి రోజూ కాసేపు పక్కన కూర్చోబెట్టుకుని వినండి.

కింద తన పేరు. పైన, ఆకుపచ్చ చేప తల్లిదండ్రులకు, అని.

అమ్మ రెండుసార్లు చదివింది. కూతురి ఎదురుగా నేలమీద కూర్చుంది.

"నన్ను అడగొచ్చు కదే," అంది ఫోను పక్కన పెట్టి.

"అడిగాను," అంది పిల్ల. "అక్కడైతే నవ్వుతావు కదా, అందుకని అక్కడికొచ్చాను."

మామయ్య గుమ్మం దాకా వెనక్కి నడిచాడు. తను మూడోరోజే చెప్పేసి ఉంటే అక్కకి ఇన్ని మాటలు అనే పని తప్పేది, పిల్లకి పడే పని తప్పేది. తలుపు పట్టుకుని, వీధివైపు చూస్తూ నిలబడ్డాడు.

రేపు పొద్దున్నే స్కూలుకొచ్చి, ఆ పద్ధతి నాదేనని చెబుతానంది అమ్మ. కూతుర్ని దగ్గరికి లాక్కుని, పాత క్యాలెండర్ కాగితం నిలువుగా పట్టీలా చింపింది. దాని ఒక కొస పట్టుకుంది. కూతురి మొహంలోకి చూసి, తెరముందు నవ్వినట్టే నవ్వబోయింది. పెదవులు సాగాయి గానీ కళ్ళలోంచి నీళ్ళు జారాయి.

పిల్ల ఆ కాగితం రెండో కొస పట్టుకుంది.

"నవ్వక్కర్లేదులే అమ్మా. చెప్పు, చాలు."